వెన్నోళ్ళ ఇంటి కవ్వం

మా ముందుగదిని పురుగుమందుల కొట్టుకు ఇస్తానని మా మామగారు మాటిచ్చి వచ్చిన రోజున ఇంట్లో ఎవరూ గొడవ చేయలేదు. మా అత్తగారు నాంచారమ్మ వెన్న చేతిని తవుడుతో రుద్ది కడుక్కుని, "ఎప్పటికి?" అని మాత్రం అడిగింది.

"ఏరువాక పున్నమికి."

"అయితే ఎండాకాలమంతా నాదేగా," అని మళ్ళీ తక్కెడ దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

అది ఎనభై ఆరు వేసవి. రొంపిచెర్లలో మాది వెన్నోళ్ళ ఇల్లు. అసలు ఇంటిపేరు వేరే ఉంది గానీ, అది పెళ్ళి శుభలేఖల మీద తప్ప ఎక్కడా కనపడదు. మామగారి నాయనమ్మ మొదలుపెట్టిన పని. చుట్టుపక్కల ఆడవాళ్ళు తెల్లవారుజామున చిలికిన వెన్నను మజ్జిగ తేటలో తేలేసి మా ముందుగదికి తెచ్చేవాళ్ళు. మామగారు కోటిలింగం ప్రతి ముద్దనూ వాసన చూసేవాడు, అత్తగారు తూచేది. పెరట్లో మునగాకు వేసి కాచిన నెయ్యి నరసరావుపేట బజారుకు పోయేది. మామగారి ముక్కు సంగతి పల్నాడంతా తెలుసు. ఒకసారి ఒకావిడ తెచ్చిన ముద్దను తిరిగి ఆమె చేతిలోనే పెట్టి, "మీ ఉట్టి పక్కన ఎండుచేపలున్నయ్, అయ్యి దించి రేపు తీసుకురామ్మా" అన్నాడట. ఆవిడ నవ్వుకుంటూ ఇంటికి పోయి, చేపలు దించి, మర్నాడు నవ్వకుండా వచ్చిందట.

నేను నరసరావుపేట కాలేజీలో బి.ఎస్సీ. చదివి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మా కోడలు ఫిజిక్సు అని చుట్టాలకు గొప్పగా చెప్పేవాళ్ళు. ఫ్యూజు పోయినప్పుడు పిలిచేవాళ్ళు. అంతవరకూ నా చదువుతో ఆ ఇంటికి ఉన్న సంబంధం అది.

ఆ ఏడు శివరాత్రి దాటాక ఊళ్ళోకి పాలవ్యాను వచ్చింది. బడి గోడ పక్కన ఆగేది. ఆడవాళ్ళు బిందెలతో వరసలో నిలబడేవాళ్ళు. గాజు గొట్టంలో పాలు పోసి వెన్నశాతం చెప్పే కుర్రాడొకడు ఉండేవాడు. వ్యానును తిట్టడానికి నాకు నోరు రాలేదు. చేతిలో డబ్బు పడుతుంటే ఎవరికి చేదు? కానీ మా ముందుగదిలో మాత్రం కొబ్బరికాయంత ముద్దలు నిమ్మకాయంత అయ్యాయి. ఉగాది దాటేసరికి తక్కెడ ఊరికే గాలికి ఊగుతూ కనిపించింది.

అప్పుడే దిగాడు కోటేశ్వరరావు, గురజాల నుంచి. అందరూ పత్తి వేస్తున్నారు, పత్తికి పురుగు పడుతోంది, పురుగుకు మందు కావాలి, మందుకు రోడ్డు మీద గది కావాలి. ఇంత చక్కటి లెక్కకు మామగారు కాదనలేకపోయాడు. ఆయన మాట ఇస్తే ఇచ్చినట్టే. ఏరువాక నాటికి వెన్నోళ్ళ ఇల్లు పురుగుమందోళ్ళ ఇల్లవుతుంది. "ఏ ఇంటి కోడలివమ్మా?" అని బస్సులో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని నేను అప్పటినుంచే బెంగ పెట్టుకున్నాను.

అత్తగారు బెంగ పెట్టుకునే మనిషి కాదు. వడగాడ్పు కొడుతున్న ఒక మధ్యాహ్నం, "పదవే అమ్మాయ్, రోశమ్మ ఇంటికి పోయొద్దాం," అని నెత్తిన కొంగేసుకుని బయల్దేరింది.

రోశమ్మది మా వెనక బజారు. మంచి వెన్న చేసే మనిషి. మేం వెళ్ళేసరికి వసారాలో అన్నం ముందు కూర్చుని ఉంది. గోంగూర ముద్ద అయిపోయింది, మిగిలిన అన్నంలో మంచినీళ్ళు పోసుకుంటోంది. ఇంతలో వీధిలో మిరపకాయలు ఏరే కూలివాళ్ళ గొంతు వినిపించింది. "అమ్మా, గుక్కెడు మజ్జిగుంటే పొయ్యండమ్మా!"

రోశమ్మ కంచం తీసుకుని తలుపు వెనక్కి నక్కింది.

మా వైపు మజ్జిగకు ధర లేదు. చిలికిన ఇంటి ముందు చెంబుతో ఎవరు నిలబడినా పోయాల్సిందే. అమ్మడం మాట అటుంచి, గేదె ఉన్న ఇంట్లో మజ్జిగ లేదనడమే తలవంపు. కూలివాళ్ళు కాసేపు చూసి వెళ్ళిపోయారు. రోశమ్మ బయటికొచ్చి మమ్మల్ని చూసి మంచం వాల్చింది. ఏమీ దాచలేదు.

"ఏం చెయ్యను వదినా? మూడు గేదెలున్నయ్ నాకు. పాలన్నీ వ్యానుకే పోతన్నయ్. నిన్న మీ తమ్ముడు అన్నంలో నీళ్ళు పోసుకుని తిని లేశాడు. ఒక్క మాటన్లా. తిట్టినా బాగుండేది."

"ఒక పూట పాలన్నా తోడేసుకోరాదటే?" అంది అత్తగారు.

"ఎవురు చిలుకుతారు? పెళ్ళయిన కాడ్నుంచీ చిలికీ చిలికీ ఈ భుజం చూడు, జడేసుకోటానికి కూడా లేస్తల్లా. వ్యాను రాబట్టి నా రెక్క బతికింది. మళ్ళీ కవ్వం పట్టమంటే మాత్రం పట్టను వదినా. నువ్వు ఏమన్నా అనుకో."

అత్తగారు ఏమీ అనుకోలేదు. కాసేపు ఆ భుజం వంక చూసింది.

"నువ్వు పట్టమాక. మేం పడతాం. పొద్దుటి పాలు వ్యానుకు పొయ్యి. సందేళ పాలు తోడేసి, తెల్లారి పెరుగు కుండ మా ఇంట్లో పెట్టు. వెన్న మాది, ధర కట్టిస్తా. మజ్జిగ చుక్క లేకుండా నీకే."

"నా ఒక్కదానిదేనా? ఈ బజారంతా వొస్తారు. అందరిదీ ఎవురు చిలుకుతారు? నీకు మాత్రం వొయసు మళ్ళలా?"

అత్తగారు తాపీగా నావైపు చెయ్యి చూపించింది. "మా కోడలు ఫిజిక్సు."

దారిలో నేను నెమ్మదిగా చెప్పి చూశాను. "అత్తయ్యా, ఫిజిక్సులో కవ్వం లేదు."

"లేకపోతే పెట్టు," అంది.

మా రోడ్డు మలుపులో మౌలాలీ షెడ్డు ఉండేది. లారీలు, మోటార్లు, రేడియోలు, ఏది తెచ్చినా విప్పుతాడు. చాలావరకు మళ్ళీ బిగిస్తాడు కూడా. కాలిపోయిన గ్రైండరు మోటారు ఒకటి తెచ్చి, తీగ కొత్తగా చుట్టి, మా పెద్ద కవ్వాన్ని తలకిందులుగా దానికి తగిలించాడు. ముందుగదిలో స్టాండు, దాని కింద రోశమ్మ పెరుగు కుండ. మా ఆయన రామబ్రహ్మం స్విచ్చి వేసే బాధ్యత తీసుకున్నాడు. అంటే, తేడా వస్తే గుమ్మంలోంచి పారిపోవడానికి వీలైన చోట నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే మామగారు తెల్ల పంచె, తెల్ల లాల్చీ వేసుకుని పేకాటకు బయల్దేరాడు. రోడ్డుకు అవతల ఆయనకు ఒక పెంకుల గది ఉంది. ఒకప్పుడు విత్తనాలు పోసుకునే గది. నాకు పెళ్ళయినప్పటినుంచీ ఆయనా, ఆయన స్నేహితులూ మధ్యాహ్నాలన్నీ అక్కడే. భోజనమైనా మానేవాడు గానీ ఆ గది మానేవాడు కాదు.

మా ఆయన స్విచ్చి వేశాడు. పెరుగు కుండలో ఉండలేదు. గోడకు కొంత, దూలానికి కొంత, మిగిలినదంతా మామగారికి. తెల్లటి మనిషి మరింత తెల్లగా అయి గుమ్మంలో నిలబడిపోయాడు. ఆయన ముక్కు మీద పెరుగును వేలితో తీసి వాసన చూసుకున్నాడు.

"రోశమ్మ పెరుగు. పులుపు చాలదు," అని, పంచె మార్చుకోవడానికి లోపలికి పోయాడు.

మౌలాలీ బెల్టు వేసి వేగం తగ్గించాడు. పెరుగు ఎగరడం మానేసింది. వెన్న పడడం మాత్రం మొదలుపెట్టలేదు. కవ్వం ఎటు తిరిగితే పెరుగూ అటే తిరిగింది, రంగులరాట్నం ఎక్కినట్టు.

"చూడక్కా, ఇది దాంతో కలిసి షికారు కొడతంది గానీ దెబ్బ తింటల్లా," అన్నాడు మౌలాలీ తల గోక్కుంటూ.

అతను చెప్పింది నిజమే. తాడుతో చిలికేటప్పుడు కుడిచెయ్యి లాగితే కవ్వం ఒకవైపు తిరుగుతుంది, ఎడమచెయ్యి లాగితే రెండోవైపు. కవ్వంతో పాటు పరుగెత్తబోయే పెరుగుకు ఎదురుదెబ్బ తగులుతుంది. అక్కడ విడిపోతుంది వెన్న. మోటారుకు వెనక్కి తిరగడం చేతకాదు.

ఈలోగా కుండలు ఆగలేదు. అత్తగారు మాటిచ్చేసింది కదా. మాటివ్వడం ఆ ఇంట్లో మగవాళ్ళకే పరిమితమైన జబ్బు కాదు. తెల్లవారకముందే లేచి అత్తాకోడళ్ళం చెరోవైపు తాడు పట్టుకుని కుండ తరవాత కుండ చిలికాం. అరచేతుల్లో బొబ్బలు లేచాయి. వాటికి వెన్నే రాసుకున్నాం, దానికి మాత్రం కొదవ లేదు.

"అత్తయ్యా, మన ఇంట్లో మగవాళ్ళెందుకు కవ్వం తాడు పట్టరు?" అని ఒకరోజు రొప్పుతూ అడిగాను. ఆ ఇంట్లో అదొక ఆచారం. వాసన వాళ్ళది, చిలకడం మాది.

"ఏమో. మా అత్త పట్టమనలా, ఆయన పట్టలా. నేనూ అడగలా."

గుమ్మంలో పంటిపుల్లతో నిలబడ్డ మామగారు విన్నాడో లేదో తెలియదు. "ఆడుకోండి, ఆడుకోండి. ఏరువాక దాకా మీదేగా," అని రోడ్డు దాటి పోయాడు.

నెయ్యి డబ్బాలు నరసరావుపేటలో దించి నేను బస్సులో తిరిగి వస్తున్న రోజున ఉన్నట్టుండి గాలివాన పట్టుకుంది. వైశాఖంలో మామిడికాయలు రాల్చే వాన. నేను డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాను. ఆ బస్సుకు ఒకే ఒక్క వైపరు పనిచేస్తోంది. ఇటు పోయి అటు వస్తోంది, అటు పోయి ఇటు వస్తోంది. మొదట వాన చూశాను. తరవాత వైపరు చూశాను. దాని వెనక ఉన్న మోటారు కూడా ఒకవైపే తిరుగుతుంది కదా అన్న ఆలోచన వచ్చాక ఇంకేమీ చూడలేదు.

రొంపిచెర్ల వచ్చింది. వాన ఆగింది. డ్రైవరు వైపరు మీటకు చెయ్యి పెట్టాడు.

"అన్నా, అన్నా, దాన్ని ఆపొద్దు!" అని అరిచాను.

"వాన ఆగింది గదమ్మా!"

"ఆగినా ఆపొద్దు. ఇది లోపల ఎట్టా ఉంటదో చూపిస్తావా?"

డ్రైవరు నన్నూ, నా ఖాళీ డబ్బాలనూ మార్చి మార్చి చూశాడు. "దిగు తల్లీ, దిగు. ఇంట్లో చెప్పకుండా వొచ్చావా ఏంది?" అన్నాడు జాలిగా.

మౌలాలీకి అంతా చెప్పనవసరం రాలేదు. 'వైపరు' అన్నంతలోనే నుదురు కొట్టుకున్నాడు. "రోజూ ఇప్పి బిగిస్తానక్కా వాటిని! రోజూ!" పాత లారీ వైపరు విప్పి దాని కీళ్ళు చూసి, అదే పద్ధతిలో పట్టీ ఇనుముతో జానెడు చక్రం, మూరెడు చెయ్యి తయారు చేశాడు. చక్రం ఒకవైపే తిరుగుతుంది, దాని అంచున బిగించిన చెయ్యి ముందుకూ వెనక్కూ ఆడుతుంది. కవ్వానికి చుట్టిన తాడు ఒక కొస ఆ చేతికి కట్టాడు, రెండో కొస స్ప్రింగుకు. చెయ్యి లాగితే కవ్వం ఇటు, స్ప్రింగు లాగితే అటు.

ఈసారి మా ఆయన వీధిలోనే నిలబడ్డాడు. నేనే స్విచ్చి వేశాను. గుర్రుమని లాగి, ఠక్కుమని వదిలి, మళ్ళీ గుర్రుమని లాగింది. అత్తగారు కుండ చుట్టూ తడి గోనెపట్టా చుట్టి, చల్లటి నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ కూర్చుంది. ఎండాకాలం వెన్న ఊరికే కరిగి జారిపోతుంది. దాన్ని బుజ్జగించాలి. కాసేపటికి కవ్వం రెక్కల మీద ఆవగింజల్లాంటివి కనిపించాయి. ఆ తరవాత శనగల్లా అయ్యాయి. అత్తగారు చెయ్యి పెట్టి తీసింది. ముద్ద!

ఆవిడ లోపలికి పోయి కుంకుమ భరిణె తెచ్చింది. మోటారుకు పెట్టింది, చక్రానికి పెట్టింది.

"పెద్దమ్మా, బెల్టుకు మాత్రం పెట్టమాక. జారుద్ది," అన్నాడు మౌలాలీ కంగారుగా.

ఆవిడ మిగిలిన కుంకుమ నా నుదుట పెట్టింది.

ఆ తరవాత కుండలు పెరిగాయి. రోశమ్మ బజారు, దాని పక్క బజారు, అటు కాలవ గట్టున ఉన్నవాళ్ళు. పొద్దున కుండలు పెట్టి పోవడం, వ్యాను పని చూసుకుని చెంబులూ తపేళాలతో రావడం, మజ్జిగ పట్టుకెళ్ళడం. కూలివాళ్ళు నేరుగా మా గుమ్మంలోకే వచ్చేవాళ్ళు. ఎవరి కుండలోది వాళ్ళే ఆ కూలివాళ్ళకు పోసేవాళ్ళు రోశమ్మా వాళ్ళూ, మళ్ళీ గొంతులెత్తి, మళ్ళీ దర్జాగా. తక్కెడ గాలికి ఊగడం మానేసింది.

కానీ మాట మాటే. ఏరువాక ఇంకా రాకముందే కోటేశ్వరరావు బండిలో అట్టపెట్టెలు తెచ్చి ముందుగదిలో ఒక మూల పేర్పించాడు. "ఉత్తినే నాలుగు పెట్టెలు మామా. మిగతాయి పున్నమికి."

మామగారు మా మొహాలు చూడకుండా చెప్పాడు. "మీ మిషను వెనక వసారాలో పెట్టుకోండి. మధ్యన గోడుంది గదా."

"నేను మాట తప్పమన్లా," అంది అత్తగారు. అని, మిషను దగ్గర్నుంచి లేవనూ లేదు.

మధ్యన గోడ ఉన్నమాట నిజమే. ఆ గోడకు ఒక చిన్న కిటికీ ఉన్నమాట కూడా నిజమే. ఆ సాయంత్రం నేను ఆనాటి వెన్నలో ఒక మంచి ముద్ద తీసి, పళ్ళేనికి మూత పెట్టడం 'మరిచిపోయి', వసారా వైపు కిటికీ అరుగు మీద ఉంచాను.

పొద్దున్నే కోటేశ్వరరావు వచ్చాడు. మామగారి పక్కన కూర్చుని, బోర్డు మీద పత్తికాయ బొమ్మ వేయించాలా, రైతు బొమ్మ వేయించాలా అని అడుగుతూ కాఫీ తాగుతున్నాడు. నేను కుండల్లోని వెన్నతో పాటు ఆ పళ్ళెం కూడా తెచ్చి మామగారి ముందు పెట్టాను, రోజూ పెట్టినట్టే.

ఆయన ఒక్కొక్క ముద్దా ముక్కు దగ్గర పెట్టుకుని అత్తగారి వైపు జరుపుతున్నాడు. పళ్ళెంలోది ఎత్తాడు. ఆగాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ముద్దను కిందికి దించి పెట్టెల వంక చూశాడు, గోడ వంక చూశాడు. వెన్న పక్కనున్న ఏ వాసననైనా పట్టేసుకుంటుందని ఆయనకు ఒకరు చెప్పాలా? లేచి వెళ్ళి ఆ ముద్దను పెంటలో పారేసి, చేతులు ఒకటికి రెండుసార్లు తవుడుతో కడుక్కుని వచ్చాడు.

"కోటేశ్వరరావూ, ఆ పెట్టెలు ఎత్తించు."

"ఏంది మామా? మాటిచ్చావు గదా?"

"ఇచ్చా. రోడ్డు మీద గదిస్తానన్నా, ఇస్తా. అద్దె తగ్గించుకో, కానీ ఈ గది కాదు. రోడ్డవతల నాది తీసుకో."

కోటేశ్వరరావు గ్లాసు కింద పెట్టాడు. "ఆ పేకాట గది ఇస్తావా! మరి మీ ఆట?"

"నువ్వు ముందు పెట్టెలు ఎత్తించవయ్యా," అని మామగారు తువాలు దులిపి భుజాన వేసుకున్నాడు. వేసుకుని ఎటు పోవాలో తెలియక కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ తరవాత లోపలికి వచ్చి కూర్చున్నాడు.

వంటింట్లో అత్తగారు నా పక్కకు జరిగింది. "ఆ పళ్ళెం కిటికీలో ఎవురు పెట్టారే?"

"పిల్లి అయ్యుంటుంది అత్తయ్యా."

"పిల్లి వెన్న తింటది గానీ పెట్టదే," అని ఆవిడ నా బుగ్గ మీద బొబ్బల చేత్తో ఒకటి తట్టి వెళ్ళిపోయింది.

ఏరువాక పున్నమి వచ్చింది. ఎద్దుల కొమ్ములకు రంగులు వేశారు. రోడ్డవతల పెంకుల గదికి కోటేశ్వరరావు బోర్డు కట్టాడు. చివరికి రైతు బొమ్మే. మామగారి స్నేహితులు ఇద్దరు పేకముక్కలు జేబులో వేసుకుని ఎక్కడ కూర్చోవాలా అని ఆ బోర్డు కింద తచ్చాడుతున్నారు. పండగ పూట కదా, మజ్జిగ కోసం మా గుమ్మం ముందు మామూలు కంటే ఎక్కువ మంది.

పెద్ద కుండ మిషను మీద ఉంది. ఆవగింజలు అప్పుడే పడుతున్నాయి. కరెంటు పోయింది.

మజ్జిగకు వచ్చి ఉన్న మౌలాలీ మిషను స్విచ్చి కట్టేసి, కవ్వాన్ని దాన్నుంచి విడదీశాడు. అంత ఎండలో, అక్కడిదాకా వచ్చిన వెన్నను ఆపితే ఇక గడ్డకట్టదు. అత్తగారు పాత తాడు తెచ్చి కవ్వానికి చుట్టి, పీట మీద కూర్చుని లాగడం మొదలుపెట్టింది. బొబ్బలు ఎండిన చోట చర్మం పగిలి ఉంది. రెండు లాగులకు ఒకసారి పెదవి కొరుక్కుంటోంది. నేను రెండో పీట కోసం వెతుకుతున్నాను.

మామగారు లేచాడు. ఆవిడ పక్కన నిలబడ్డాడు.

"లే," అన్నాడు.

ఆవిడ తలెత్తి చూసింది.

"లెగవే. నువ్వు నీళ్ళు పొయ్యి." ఆవిడ చేతిలోంచి తాడు తీసుకుని, పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టి పీట మీద కూర్చున్నాడు. కూర్చున్నాక వీధి గుర్తొచ్చింది. "అమ్మాయ్, ఆ తలుపు వేసిరా."

నేను వెళ్ళి వేశాను. ఒక రెక్క బాగానే పడింది. రెండో రెక్కకు బందు ఎప్పటినుంచో వదులు. ఫిజిక్సు చదివినదాన్ని, వదిలేస్తే అది ఎంతమేరకు తెరుచుకుంటుందో నాకు తెలుసు.

తెరుచుకుంది. రోశమ్మ తొంగి చూసింది. ఆమె వెనక ఇంకో నాలుగు తలలు, వాటి వెనక పేకముక్కలతో ఇద్దరు.

"అన్నా! ఎడమచెయ్యి బాగా లాగాల, ఎడమచెయ్యి!"

మామగారు వెనక్కి తిరగలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "నీకు మజ్జిగ కావాల్నా, వొద్దా?" అన్నాడు. అని, ఎడమచెయ్యి బాగా లాగాడు.

కవ్వం అటు తిరిగింది, ఇటు తిరిగింది. అత్తగారు చల్లటి నీళ్ళు చెంబుతో వంచుతోంది. ఇంతలో ఆయన తల వెనక గోడకు ఉన్న బల్బు వెలిగింది. మౌలాలీ నోరు తెరవబోయాడు. నేను అతని కాలు తొక్కాను.

మా అత్తగారు చెంబు కింద పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, చప్పుడు కాకుండా వెళ్ళి బల్బు స్విచ్చి ఆర్పేసి వచ్చింది.